పాత కార్లు తిరిగాయి, కొత్త కారు తప్పింది: ఒక ట్రాలీ ఫ్రాగ్ కేసు

ఇది అమెరికా తూర్పు వైపు ఉన్న ఒక స్ట్రీట్‌కార్ మ్యూజియంలో జరిగిన కేసు. నేను అక్కడికి శనాదివారాల్లో లైన్ పనికి వెళ్తుంటాను. జీతం లేదు, మధ్యాహ్నం శాండ్‌విచ్ మాత్రం పెడతారు. మ్యూజియం పేరు, కార్ల నంబర్లు, మనుషుల పేర్లు రాయడం లేదు. ట్రామ్‌ని ఇక్కడివాళ్లు కారు అనే అంటారు కాబట్టి నేనూ అదే మాట వాడుతున్నాను. ట్రాలీ ఫ్రాగ్ అంటే ట్రామ్ పైనున్న కరెంటు వైరు రెండుగా చీలే చోట పెట్టే లోహపు పళ్లెం. ఇరవై ఏళ్లు రైల్వేలో ఓహెచ్ఈ, అంటే పట్టాల పైనుండే కరెంటు వైర్ల పని, చూసిన నేను ఈ కేసులో మూడు వారాలు తప్పు చోట వెతికాను. అది ఎలా జరిగిందో రాసుకుంటే ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

విజయవాడ డివిజన్‌లో ఉన్నప్పుడు నాకు తెలిసిన వైరు 25 కేవీ వైరు, దాని కింద ప్యాంటోగ్రాఫ్, అంటే ఇంజను పైన ఉండి వైరును తాకే చట్రం. ప్యాంటోగ్రాఫ్ దాదాపు 1.8 మీటర్ల వెడల్పు. తిన్నని లైన్లో కూడా వైరును మధ్యరేఖకి అటు 200, ఇటు 200 మిల్లీమీటర్లు కావాలనే జరుపుతాం. లేకపోతే పైపట్టీ ఒకేచోట అరిగి గాడి పడుతుంది. లూప్ లైన్ విడిపోయే చోట రెండో వైరు పక్కనుంచి వచ్చి చేరుతుంది. పట్టీ కాసేపు రెండింటినీ తాకుతూ వెళ్లి, అక్కర్లేనిదాన్ని వదిలేస్తుంది. కింద పాయింట్లు, అంటే బండిని ఒక దారినుంచి ఇంకో దారికి మళ్లించే పట్టాలు, సరిగ్గా ఉంటే చాలు, పైన ఎటు వెళ్లాలన్న ప్రశ్నే రాదు.

ట్రాలీ పోల్‌కి ఆ సుఖం లేదు. కారు పైకప్పు మీద స్ప్రింగుల బేస్, దాన్నుంచి వెనక్కి వాలిన పొడవాటి పోల్, పోల్ చివర గాడి ఉన్న చిన్న చక్రం. స్ప్రింగులు ఆ చక్రాన్ని కిందినుంచి వైరుకి నొక్కి పెడతాయి. ఫ్రాంక్ స్ప్రేగ్ 1888లో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో ఊరంతటికీ కార్లు నడిపి చూపించింది ఈ పద్ధతితోనే. మన దగ్గర మద్రాసులో 1895లోనే ఎలక్ట్రిక్ ట్రాములు మొదలయ్యాయి. అప్పట్లో అక్కడ కరెంటు రోడ్డు కింది గాడిలోంచి వచ్చేది, పైన వైర్లు తర్వాతి సంగతి. ఆ ట్రాములు ఆగిపోయింది 1953 ఏప్రిల్‌లో, ఆంధ్ర రాష్ట్రం విడిపోవడానికి ఆరు నెలల ముందు. మా తాతయ్య కోర్టు పని మీద మద్రాసు వెళ్లినప్పుడల్లా ట్రామెక్కేవాడట. పైన పోల్ ఏ వైరు పట్టుకుందో ఆయన పట్టించుకుని ఉండడు.

చక్రం గాడి వెడల్పు వైరు కన్నా కాస్తే ఎక్కువ. అంత సన్నటి గాడిలో కూర్చున్న వైరు రెండుగా చీలాలంటే మధ్యలో ఒక లోహపు పళ్లెం కావాలి. దాన్నే ఫ్రాగ్ అంటారు. గుర్రం గిట్ట అడుగు భాగం ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇందులో కదిలే భాగం ఒక్కటీ ఉండదు. ఫ్రాగ్ దగ్గరికి రాగానే వైరు గాడిలోంచి తప్పుకుంటుంది, చక్రం రెండు అంచులూ పళ్లేన్ని అడుగునుంచి తాకుతూ దొర్లుతాయి. అవతల రెండు పాయలు ఉంటాయి. చక్రం ఏదో ఒక పాయలోకి దూరి మళ్లీ వైరును గాడిలోకి తీసుకోవాలి. పళ్లెం కింద ఉన్న ఆ రెండు మూడు జానల దూరం చక్రాన్ని పట్టుకునేది ఏదీ లేదు. మా వైరు 107 చదరపు మిల్లీమీటర్ల గాడి రాగి వైరు. చిత్రం ఏమిటంటే మన రైల్వే కాంటాక్ట్ వైరూ అదే సైజు. చేతికి తెలిసిన వైరు కనబడేసరికి పనీ తెలిసినదే అనుకున్నాను. అక్కడే మోసపోయాను.

వచ్చిన సమస్య

మ్యూజియంలో మెయిన్ లైన్‌నుంచి షెడ్డు వైపు ఒక బ్రాంచి విడిపోతుంది. బ్రాంచి వంపు వ్యాసార్ధం 30 మీటర్లు, పైన 15 డిగ్రీల ఫ్రాగ్, అంటే దాని రెండు పాయల మధ్య కోణం 15 డిగ్రీలు. ఏళ్ల తరబడి అక్కడ ఏ పేచీ లేదు. అప్పటిదాకా నడిచిన కార్లన్నీ ఒకే రకం, పైకప్పు నడిమధ్యలో ఒక్క పోల్ ఉన్నవి. ఆ ఏడాది వేసవిలో, చాలాకాలం మరమ్మతులో ఉన్న రెండు తలల కారు ఒకటి బయటికొచ్చింది. రెండు వైపులా నడపగలిగే కారు కాబట్టి దానికి రెండు పోళ్లు. ఎటు వెళ్తుంటే దానికి వెనకవైపు పోల్‌ని వైరుకి తగిలిస్తారు.

ఈ కారు షెడ్డుకి తిరిగేటప్పుడు కొన్నిసార్లు చక్రం బ్రాంచి వైరు బదులు మెయిన్ వైరు పట్టుకునేది. కారు కుడికి, పోల్ తిన్నగా. నాలుగైదు మీటర్లు పోయేసరికి పోల్ అడ్డంగా తిరిగిపోయి, చక్రం వైరునుంచి ఊడి, పోల్ పైకి లేచి, ట్రాలీ వైరును మోసే అడ్డ తీగకి, అంటే స్పాన్ వైరుకి, కొట్టుకునేది. కారు వెనక ఉండే రిట్రీవర్ అనే స్ప్రింగు డబ్బా తాడును లాగి పోల్‌ని కిందికి దించేసేది కాబట్టి పెద్ద నష్టం కాలేదు. మొదటిసారి మాత్రం చక్రాన్ని పట్టి ఉంచే కొమ్ము వంకరపోయింది. కారులో ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు. అదీ షోలో భాగమే అనుకున్నారు.

చిక్కు ఏమిటంటే ప్రతిసారీ జరిగేది కాదు. పొద్దున బాగానే తిరిగేది. ఎండెక్కాక తప్పేది.

ముందు చేసినవి

మొదటి అనుమానం చక్రం మీదికి పోయింది. విప్పి చూస్తే ఒక అంచు అరిగి ఉంది. అంచు పలచబడితే పళ్లెం మీద అది సమంగా నడవదు, ఒక పక్కకి ఒరుగుతుంది. అనుమానం సబబే, చేయడం సులువు కూడా, అందుకే ముందు దాన్ని పట్టుకున్నాం. కొత్త చక్రం వేసిన శనివారం ఒక్కసారి కూడా తప్పలేదు. అందరం భుజాలు తట్టుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మళ్లీ ఊడింది. శనివారం మబ్బు పట్టి ఉందన్న సంగతి లాగ్ పుస్తకం చూసుకున్నాకే గుర్తొచ్చింది.

ఎండకీ తప్పడానికీ సంబంధం ఉందంటే వైరు టెన్షన్ చూడాలి. మన ఓహెచ్ఈలో బరువులు వేలాడదీసి ఎండైనా చలైనా టెన్షన్ ఒకేలా ఉండేట్టు చూస్తాం. ఇక్కడ రెండు చివరలా బిగించి కట్టేసిన వైరు. వంద మీటర్ల రాగి వైరు 20 డిగ్రీల తేడాకి దాదాపు 34 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగుడంతా వేలాడడంలో తేలుతుంది. కరెంటు తీసి, ఎర్త్ చేసి, టవర్ బండి ఎక్కి మధ్యాహ్నపు ఎండలో ఫ్రాగ్ మీద రసమట్టం పెట్టాం. బ్రాంచి వైపు పళ్లెం కిందికి వాలి ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే నేను వెంటనే తలకిందులుగా అర్థం చేసుకున్నాను. వాలు బ్రాంచి వైపే ఉంటే చక్రం బ్రాంచిలోకే జారాలి కదా అనుకున్నాను. లైన్ పని చూసే పెద్దాయన, డెబ్బై దాటిన మనిషి, నవ్వి తన టోపీ తీసి బోర్లా పట్టుకున్నాడు. లోపలి వైపునుంచి వేలితో పైకి నొక్కుతూ టోపీని ఒక పక్కకి వంచాడు. వేలు జారి ఎత్తుగా ఉన్న వైపుకి పోయింది. చక్రం పళ్లెం పైన లేదు, కింద ఉంది. స్ప్రింగు దాన్ని పైకి నెడుతోంది. నీళ్లు పల్లానికి పోయినట్టు ఇది ఎత్తుకి పోతుంది. బ్రాంచి పాయ కిందికి దిగితే మెయిన్ పాయ ఎత్తవుతుంది, చక్రం అటే జారుతుంది.

స్పాన్ వైర్లు సరిచేసి పళ్లేన్ని సమంగా నిలబెట్టాం. తప్పడం బాగా తగ్గింది. ఆగలేదు.

నేను చేసిన తప్పు

ఇక్కడ నా రైల్వే బుర్ర పనిచేసింది. బ్రాంచి వైరు వదులుగా ఉండబట్టే కదా పళ్లెం వాలింది, ఆ వైరునే ఇంకాస్త బిగిస్తే పళ్లెం లేస్తుంది, ఎండలో కూడా నిలబడుతుంది అన్నాను. పెద్దాయన వద్దనలేదు, సరేననీ అనలేదు. "చూడండి" అన్నాడంతే. వైరును బిగించే మర, టర్న్‌బకిల్, నాలుగు చుట్లు తిప్పాం.

ఆ రోజు రెండు తలల కారు ఒక్కసారి కూడా తప్పలేదు. కానీ సాయంత్రం పాత కారు ఒకటి మెయిన్ లైన్లో తిన్నగా పోతూ పోతూ బ్రాంచి వైరు పట్టుకుంది! ఎప్పుడూ ఏ పేచీ లేని దారిలో పోల్ ఊడింది. కారణం మర్నాడు కింద నిలబడి చూస్తేనే తెలిసిపోయింది. బిగించిన బ్రాంచి వైరు ఫ్రాగ్‌ని తనవైపు లాక్కుంది. మెయిన్ వైరు తిన్నగా ఉండాల్సింది పోయి ఫ్రాగ్ దగ్గర బ్రాంచి వైపుకి ఒక చిన్న వంపు తిరిగింది. తిన్నగా వచ్చే చక్రం ఆ వంపు వెంట పక్కకి తిరిగి పళ్లెంలోకి వచ్చి, ఎదురుగా కనబడ్డ పాయలోకి దూరింది. ఒకరి తలనొప్పి తీసి ఇంకొకరికి అంటించినట్టయింది. నాలుగు చుట్లూ వెనక్కి తిప్పేశాం.

ఆ రాత్రి ఇంటికి డ్రైవ్ చేస్తూ ఆలోచిస్తే నాకే సిగ్గనిపించింది. చక్రం మార్చాం, పళ్లెం సరిచేశాం, వైరు బిగించాం. మూడు పనులూ పైనున్న వస్తువుల మీదే. పాత కార్లు అదే ఫ్రాగ్ కింద ఏళ్ల తరబడి తిరిగాయి కదా, ఈ కారులో వేరేది ఏముంది అని ఒక్కరం కూడా అడగలేదు.

ఆలోచించి వదిలేసినవి

మాతో పనిచేసే తెలుగు కుర్రాడొకడున్నాడు, ఇక్కడే పుట్టాడు, కాలేజీలో ఎలక్ట్రికల్ చదువుతున్నాడు. "అంకుల్, ట్రాలీబస్సులకి ఉన్నట్టు మోటరైజ్డ్ ఫ్రాగ్ పెట్టేస్తే పోదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. ట్రాలీబస్సు అంటే పైన వైర్లనుంచి పోళ్లతో కరెంటు తీసుకుని నడిచే బస్సు, దానికి పట్టాలు లేవు. అది వైరుకింద తిన్నగా ఉండకుండా ఒక లేను పక్కనుంచి కూడా నడవగలదు. కాబట్టి బస్సు ఎటు జరిగిందన్నదాన్ని బట్టి పోళ్లు వాటంతటవే సరైన దారి పట్టుకుంటాయన్న నమ్మకం ఉండదు. అందుకే అక్కడ ఫ్రాగ్‌లో కదిలే నాలుక పెట్టి, డ్రైవరు పంపే సంకేతంతోనో పోళ్లు తిరిగే కోణంతోనో దాన్ని తిప్పుతారు. "మన కారుకి పట్టాలు ఉన్నాయి కదా బాబూ, ఎటు వెళ్తోందో కారుకి ముందే తెలుసు. ఆ సంగతి పోల్‌కి సరైన టైముకి అందడం లేదు, అంతే" అన్నాను. చెబుతుంటే నాకూ అసలు సంగతి అప్పుడే తట్టింది. వాడి ప్రశ్నకి రుణపడి ఉన్నాను.

వైరులో స్విచ్ అనగానే వాడికి ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. పాత స్ట్రీట్‌కార్ లైన్లలో పాయింట్లకి ముందు వైరు మీద ఒక కాంటాక్టర్ ఉండేది. దాని కిందనుంచి పోతూ కారు నడిపే మోటర్‌మన్ కరెంటు తీసుకుంటే పాయింట్లు ఒక వైపుకి, ఊరికే దొర్లిపోతే రెండో వైపుకి పడేవి. అది పైనున్న వైరుతో కింది పట్టాలను తిప్పే ఏర్పాటు. మా గొడవ దానికి తిరగేసినది, పనికి రాదు.

చక్రం తీసేసి, వైరు కింద జారుతూ పోయే కార్బన్ షూ పెట్టాలన్న మాట కూడా వచ్చింది. షూ దాని పీఠం మీద అటూ ఇటూ తిరగగలదు, చక్రం తిరగలేదు. కానీ ఆ కారు దాని కాలంలో చక్రంతోనే నడిచింది. మ్యూజియం ఉన్నదే దాన్ని అలా చూపించడానికి. పైగా అక్కడున్న ఫ్రాగ్‌లు చక్రాలకోసం చేసినవి. ఆ చర్చ అయిదు నిమిషాల్లో ముగిసింది.

పనిచేసింది

చక్రం తిరగలేదన్నాను కదా, కేసంతా ఆ మాటలోనే ఉంది. చక్రం ఎప్పుడూ పోల్ చూసే వైపే చూస్తుంది, పోల్ ఎప్పుడూ తన బేస్ వైపే చూస్తుంది. దూడని పలుపు పట్టుకుని నడిపిస్తున్నామనుకోండి. దారి చీలే చోట మనం పక్కకి తిరిగి చాలినంత దూరం పోయి ఉంటే దూడ మన వెనకే తిరుగుతుంది. మనం ఇంకా రెండడుగులే తిరిగి ఉంటే అది తిన్నగా పోతుంది, తర్వాత పలుపు మెడకి బిగుసుకుంటుంది. అంటే అడగాల్సిన ప్రశ్న ఇది: చక్రం ఫ్రాగ్ కిందికి వచ్చే క్షణానికి బేస్ ఎంత పక్కకి జరిగి ఉంది?

కొలిచాం. కరెంటు తీసేసి, డీజిల్ బండితో కారుని మనిషి నడక కన్నా నెమ్మదిగా లాగించాం. చక్రం సరిగ్గా పళ్లెం కిందికి రాగానే ఆపి, బేస్ మధ్యనుంచి తాపీ మేస్త్రీలు వాడే గుండు దారం కారు పక్కగా కిందికి దించి, పట్టాల మీద సుద్దతో గీత గీశాం. ప్రతి రకం కారుకీ రెండేసి సార్లు. ఫైబర్ కర్రకి ఫోను కట్టి కుర్రాడు స్లో మోషన్‌లో వీడియో తీశాడు. చక్రం పళ్లెంలోకి వచ్చింది, గాడి ఖాళీ అయింది, అంచులు మెరిశాయి. రెండు పాయల మధ్య ఉన్న మొన దగ్గర చక్రం ఒక్క క్షణం వణికింది. దాని కుడి అంచు మొనకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఒక వెంట్రుక అటైతే బ్రాంచి, ఇటైతే మెయిన్. పొద్దున్న ఎందుకు తిరిగేదో, ఎండకి ఎందుకు తప్పేదో ఆ ఒక్క ఫ్రేము చూస్తే తెలిసిపోతుంది.

లెక్క ఇలా తేలింది. ఫ్రాగ్ పాయింట్లకి 1.3 మీటర్ల అవతల ఉంది. పోల్ అడ్డంగా కొలిస్తే 4 మీటర్లు. అంటే చక్రం ఫ్రాగ్ దగ్గరుంటే బేస్ వంపులోకి 5.3 మీటర్లు వెళ్లి ఉంటుంది. రెండు తలల కారులో బేస్ వెనక బోగీకి (ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, కారు కింద చక్రాలుండే చట్రం) సరిగ్గా పైన ఉంది కాబట్టి అది పట్టాల మధ్యరేఖ వెంటే పోతుంది. అక్కడ మధ్యరేఖ పక్కకి జరిగింది 47 సెంటీమీటర్లు. 4 మీటర్ల పోల్‌కి ఇది 6.7 డిగ్రీల కోణం. 15 డిగ్రీల ఫ్రాగ్‌లో చక్రం బ్రాంచి వైపు మొగ్గాలంటే కోణం కనీసం అందులో సగం, ఏడున్నర దాటాలి. దాటలేదు.

మరి పాత కార్లు? వాటి బేస్ రెండు బోగీల నడుమ ఉంది. బోగీల మధ్య దూరం 6.5 మీటర్లు. పొడవాటి బస్సు మలుపు తిరిగేటప్పుడు దాని నడుము లోపలికి కోసుకుపోవడం చూసే ఉంటారు, కారూ అంతే. ముందు బోగీ అప్పటికే వంపులో లోతుగా ఉంటుంది కాబట్టి నడుము కూడా దాంతోపాటు లోపలికి వస్తుంది. అదే ఫ్రాగ్ దగ్గర పాత కారు బేస్ 64 సెంటీమీటర్లు జరిగి ఉంది. కోణం 9 డిగ్రీలు. ఫ్రాగ్ పెట్టినవాళ్లు తప్పు చేయలేదు, తమ దగ్గరున్న కార్లకి సరిగ్గానే పెట్టారు.

అప్పుడు చేయాల్సింది స్పష్టమైపోయింది. ఫ్రాగ్‌ని ఇంకాస్త ముందుకి జరపాలి. ఎంత అన్నదగ్గర కాస్త వాదన జరిగింది. నేను మీటరు పైనే అన్నాను, మార్జిన్ ఉంటుందని. పెద్దాయన ఒప్పుకోలేదు. ఫ్రాగ్ దూరమయ్యేకొద్దీ పాత కార్ల పోల్ ఫ్రాగ్ చేరకముందే మెయిన్ వైరుని మరీ పక్కకి లాగుతుంది, అంత కోణంలో చక్రం వైరు గాడిలోంచే ఎక్కి ఊడిపోవచ్చు అన్నాడు. నిజమే. నేను ఒక కారునే చూస్తున్నాను, ఆయన అన్నిటినీ చూస్తున్నాడు. చివరికి 70 సెంటీమీటర్లు జరిపి 2 మీటర్ల దగ్గర పెట్టాం. రెండు తలల కారుకి కోణం 8.5 అయింది, పాత కార్లకి 11. ఇద్దరికీ దొరికే చోటు అదే.

జరపడమంటే ఫ్రాగ్ విప్పి పక్కన కట్టడం కాదు. కొత్త చోటికి కొత్త స్పాన్ వైరు, మెయిన్ వైరు తిన్నగా ఉండేట్టు ఎదురు వైపునుంచి దాన్ని లాగి పట్టే తీగ (పుల్-ఆఫ్), పాత చోట వైరు ముక్కకి అతుకు (స్ప్లైసు). రెండు శనివారాలు పట్టింది. పళ్లేన్ని పొద్దున తొమ్మిదికీ, మధ్యాహ్నం మూడింటికీ రెండుసార్లు రసమట్టంతో చూశాం. రెండింటి మధ్య సగంలో సమంగా ఉండేట్టు నిలబెట్టాం. వాలు కారణం కాదనుకుని దాన్ని వదిలేయలేదు. అసలు కారణం కోణమే, కానీ కోణం అంచు మీద ఉన్నప్పుడు వాలే తూకం తిప్పేది.

పరీక్ష ముందు డీజిల్‌తో లాగించి, తర్వాత కరెంటుతో చేశాం. రెండు రకాల కార్లు, బ్రాంచిలోకి, తిన్నగా, మళ్లీ బ్రాంచినుంచి మెయిన్‌లోకి. ఎదురునుంచి వచ్చేటప్పుడు పెద్ద బాధ లేదు, రెండు పాయలూ ఒకే వైరులో కలుస్తాయి కాబట్టి చక్రం ఎంచుకునేది ఏమీ ఉండదు. ఎండ మండిపోతున్న ఒక ఆదివారం రెండు తలల కారుని అదే పనిగా ఇరవై సార్లు షెడ్డులోకి తిప్పించాం. మోటర్‌మన్ విసుక్కున్నాడు. పోల్ ఒక్కసారి కూడా ఊడలేదు.

ఇప్పుడు నేను చేసే తీరు

ఏ ఫ్రాగ్ దగ్గర పోల్ తప్పిందని ఫోనొచ్చినా ఇప్పుడు నేను అడిగే మొదటి మాట "ఏ కారు?" అని. ఒకే కారు తప్పి మిగతావి తిరుగుతుంటే బేస్ ఎక్కడుందో, పోల్ పొడవెంతో చూస్తాను. అన్ని కార్లూ తప్పుతుంటే వైరు సంగతి చూస్తాను. ఈ ఒక్క ప్రశ్న మొదటి వారమే అడిగి ఉంటే చక్రం ఖర్చూ, టర్న్‌బకిల్ గొడవా ఉండేవి కావు. ఏ సమయానికి తప్పింది, ఎండ ఉందా, మబ్బా అన్నది లాగ్ పుస్తకంలో తప్పకుండా రాయమంటున్నాను. ఒకసారికి ఒక్క మార్పే చేస్తున్నాం. వైరు బిగించిన రోజు తిన్నటి దారి కూడా పరీక్షించి ఉంటే పాత కారు పోల్ ఊడేదాకా రాకపోయేది.

మరమ్మతు షెడ్డునుంచి కొత్త కారు ఏది బయటికొచ్చినా నడపడానికి ముందే గుండు దారం, సుద్ద పట్టుకుని ప్రతి ఫ్రాగ్ కిందా లాగించి చూస్తున్నాం. అలా చూస్తే ఇంకో రెండు ఫ్రాగ్‌లు ఇదే రెండు తలల కారుకి అంచు మీద ఉన్నట్టు తేలింది. ఒకదాన్ని జరిపేశాం. రెండోది యార్డు మూలలో ఉంది. దాన్ని జరపాల్సిన చోట స్పాన్ వైరు కట్టడానికి స్తంభం లేదు, ఆ పక్కనే పెద్ద ఓక్ చెట్టు, దాన్ని కొట్టడానికి ఎవరూ ఒప్పుకోరు. అందుకని ఆ కారు అటు తిరిగేటప్పుడు కండక్టర్ వెనక నిలబడి పోల్ తాడు చేత్తో పట్టుకుంటాడు, చక్రం మొన దగ్గరికి రాగానే బ్రాంచి వైపుకి కాస్త లాగుతాడు. పోయిన నెలనుంచి ఆ తాడు పట్టుకునే పని మా కుర్రాడిదే.